మూడో పీట మీద ఫెయిల్

మనిషి తన తెలివితక్కువతనంతో తన కొంప తానే ముంచుకుంటే అది అతని ఇష్టం, అడిగేవాళ్లు ఉండరు. నేను పక్కావిడ కొంప ముంచబోయాను. అదీ అల్లాటప్పాగా కాదు, కంప్యూటర్ సాక్షిగా, పచ్చ రంగూ ఎర్ర రంగూ వేసిన పట్టికలు గీసి మరీ. పదకొండేళ్లుగా ఒక్క మాట పడని మనిషిని మూడు వారాల్లో పనిలోంచి తీసేసేదాకా తీసుకొచ్చాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. జాలి మాత్రం పడకండి. అప్పటి నేను ఇప్పుడు ఎదురుపడితే నేనే రెండు తగిలించి పంపిస్తాను.

ముందు ఆ మహానుభావుణ్ణి పరిచయం చేయాలి కదా. ఊరు జక్రాన్‌పల్లి. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివి, అక్కడ ఎవరూ ఉద్యోగం ఇవ్వకపోతే, సొంత జిల్లాకు సేవ చేద్దామని వచ్చానని చెప్పుకు తిరిగే రకం. మెడలో ఎప్పుడూ ఒక ఐడీ కార్డు. అది ఏ కంపెనీదీ కాదు, చదువైపోయిన కాలేజీదే. నిజామాబాద్‌లోని కంఠేశ్వర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, బోధన్ రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో పనికి చేరాడు. చేరిన మొదటి వారమే అక్కడున్న వాళ్లందరికీ ఏమీ రాదని తేల్చేశాడు. తనకు ఏం వచ్చో మాత్రం తేల్చుకోలేదు.

ఆ షెడ్డులో తయారయ్యేవి బోరు మోటార్ల స్టార్టర్ డబ్బాలు. రైతు పొలం దాకా పోనక్కర్లేదు, ఇంట్లో మంచం మీద నుంచి ఫోన్ కొడితే మోటారు ఆన్ అవుతుంది, మళ్లీ కొడితే ఆగుతుంది. మా యజమాని రాజేశ్వర్ సేటు ఒకప్పుడు కాలిపోయిన మోటార్లకు వైండింగ్ కట్టిన మెకానిక్. డబ్బా లోపల అరచేతంత బోర్డు ఉంటుంది. దాని మీద చిన్న చిన్న సామాన్లు పెట్టి సోల్డరింగ్‌తో అతికించేది ఎనిమిది మంది ఆడవాళ్లు. వాళ్లకు పెద్ద గంగామణక్క. రోజూ నందిపేట్ నుంచి బస్సులో వచ్చేది. అంతకు ముందు నిజామాబాద్ పసుపు యార్డులో బస్తాల దగ్గర పనిచేసింది. షెడ్డు తెరిచిన రోజు నుంచి సోల్డరింగ్ ఆమెదే, మిగతా ఏడుగురికి నేర్పిందీ ఆమే.

నేను రాకముందు ప్రతి బోర్డునూ ఒక బల్బుకు కలిపి పరీక్ష చేసేవాళ్లు. బల్బు వెలిగితే మంచిది, వెలగకపోతే చెడ్డది. అంత సులువుగా తేలిపోయే పద్ధతి నాలాంటి వాడికి నచ్చుతుందా? రెండు నెలలు కూర్చుని ఒక పరీక్ష మిషన్ తయారు చేశాను. ఎనిమిది చెక్క పీటలు, ఒక్కో పీట మీద ఒక మూత, మూత లోపల స్ప్రింగు పిన్నులు. బోర్డును పీట మీద పెట్టి మూత నొక్కితే పిన్నులు బోర్డును తాకుతాయి. ఒక మీట నొక్కితే కంప్యూటర్ ఎనిమిది బోర్డులనూ ఒకేసారి పరీక్ష చేసి, ఏ పీట పాస్, ఏ పీట ఫెయిల్ అని తెర మీద చూపిస్తుంది. పక్కనున్న చిన్న ప్రింటర్ పాసైన వాటికి స్టిక్కర్ కొట్టి ఇస్తుంది. పీటకు ఒక మనిషి, స్టిక్కర్ మీద పీట నంబరు, ఆ మనిషి పేరు. ఎవరి తప్పు ఎవరిదో తేలిపోవాలి కదా! ఈ చివరి ఆలోచన నాదే. దాని గురించి చాలా గర్వపడ్డాను.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, అసలు సంగతి ఇందులోనే ఉంది. ఒక్కో పీట నుంచి ఒక యూఎస్‌బీ వైరు వస్తుంది. ఎనిమిది వైర్లూ వెళ్లి ఎనిమిది కన్నాలున్న ఒక హబ్‌లో కూర్చుంటాయి, హబ్ నుంచి కంప్యూటర్‌కు పోతాయి. ఆడవాళ్లు వాటిని తోకలు అనేవాళ్లు. ఎనిమిది తోకలూ ఒకే దుకాణంలో ఒకే రోజు కొన్నవి, ఒకే నలుపు, ఒకే పొడవు. మంచి రకం వైరుకైతే లోపల తనదంటూ ఒక నంబరు ఉంటుంది, కంప్యూటర్ అడిగితే చెబుతుంది. ఇవి నాసిరకం. నీ పేరేంటని అడిగితే ఎనిమిదీ ఒకే పేరు చెబుతాయి. అందుకని కంప్యూటర్ వాటిని గుర్తుపట్టేది అవి కూర్చున్న కన్నాన్ని బట్టి. మూడో కన్నంలో ఏ తోక ఉంటే అదే మూడో పీట అని దాని నమ్మకం. నేను చిన్న తెల్ల కాగితాల మీద ఒకటి నుంచి ఎనిమిది వరకు రాసి తోకల చివర్లకు అతికించాను. జీవితంలో నేను చేసిన ఏకైక తెలివైన పని అదే, దాన్ని కూడా నేనే చెడగొట్టాను.

దసరా ముందురోజు షెడ్డులో ఆయుధ పూజ. సోల్డరింగ్ ఐరన్ నుంచి స్క్రూడ్రైవర్ దాకా అన్నిటినీ తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడుతున్నారు. నీ మిషన్‌కు నువ్వే పెట్టుకో అన్నాడు సేటు. పూజ అంటే ఫోటో, ఫోటో అంటే ఫోన్‌లో స్టేటస్ అనుకునే బుర్ర నాది. తోకలు చిక్కుపడి ఉంటే ఫోటో బాగుండదని ఎనిమిదింటినీ హబ్‌లోంచి పీకేశాను. దువ్విన జడల్లా వరసగా పరిచాను. తర్వాత బొట్లు. నల్లటి తోక మీద తెల్లగా, చదరంగా, బొట్టు కోసమే పుట్టినట్టు ఒక కాగితం ముక్క కనిపించింది. బొటనవేలితో పసుపు అద్ది, దాని మీద కుంకుమ పెట్టాను. ఎనిమిది కాగితాలకూ ఎనిమిది బొట్లు. మీకు అర్థమైపోయి ఉంటుంది. రెండు నెలలు కష్టపడి ఆ నంబర్లు రాసిన వాడికి మాత్రం అర్థం కాలేదు.

కొబ్బరికాయ కొట్టాక తోకల్ని మళ్లీ హబ్‌లో పెడుతుంటే గంగామణక్క వచ్చి పక్కన నిలబడింది.

"తమ్మీ, ఏది ఏ పీటదో ఎట్ల ఎర్కవడ్తది? అన్ని ఒక్క తీర్గనే ఉన్నయి గద."

"కంప్యూటర్‌కు ఎర్కైతది అక్కా. గది మనలెక్క కాదు."

"పసుపు యార్డుల బస్తాలు గూడ ఒక్క తీర్గనే ఉంటయి. పేరు రాసిన చీటీ లేకుంట తూకం కాంట మీదికి ఎక్కియ్యరు. లేకుంటె ఒకరి పసుపు ఇంకొకరి పేర్న పోతది."

నేను నవ్వాను. కొత్తగా చదువుకున్నవాడు మీ ఇంట్లో ఎవడైనా ఉంటే ఆ నవ్వు మీరు చూసే ఉంటారు. బస్తాకూ యూఎస్‌బీకీ తేడా ఉంటుందని, ఇవి అడగకుండానే ఎవరి పని అవి చేసుకుంటాయని ఆమెకు ఐదు నిమిషాలు పాఠం చెప్పాను. చెబుతూనే పెట్టేశాను. ఆరు తోకల మీద బొట్టు పక్క నుంచి నంబరు కాస్త కనబడుతోంది. రెండింటి మీద మాత్రం పూర్తిగా మునిగిపోయింది. మిగిలినవి మూడో కన్నం, ఐదో కన్నం. అన్నీ ఒకే రకానివే, ఏది ఎక్కడ పెడితే ఏంటి అనుకుని రెండింటినీ దూర్చేశాను. రెండే రెండు తోకలు, రెండే రెండు కన్నాలు. కళ్లు మూసుకుని పెట్టినా సగం అవకాశం ఉంటుంది. కళ్లు తెరిచి పెట్టాను కాబట్టి తప్పు పెట్టాను.

పండగ వెళ్లిన వారానికి పెద్ద ఆర్డరు వచ్చింది. బోధన్ దగ్గర కాలువ కింద కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపు ఒకటుంది. అక్కడి పెద్దమనిషి సుబ్బారావు గారు. చెరకు తగ్గించి వరిలోకి దిగారు, బోర్లు కూడా వేయించుకున్నారు. క్యాంపు మొత్తానికి అరవై స్టార్టర్లు కావాలి, యాసంగి నాట్లలోపు ఇవ్వాలి అన్నారు. సరిగ్గా అప్పుడే ఐదో పీట అమ్మాయి కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. ఆ పీట మీద నేను కూర్చుంటానన్నాను. సోల్డరింగ్ వచ్చా అని సేటు అనుమానంగా అడిగితే, నాలుగేళ్లు చదివింది అదేనన్నాను. నిజానికి ఆ నాలుగేళ్లలో సోల్డరింగ్ ఐరన్‌ను రెండుసార్లు పట్టుకున్నాను, అందులో ఒకసారి వేడి కొన వైపు పట్టుకున్నాను.

మొదటి రోజు సాయంత్రానికి ఎవరిది ఎంతో తేలింది. ఐదో పీట, అంటే సాక్షాత్తూ నేను, పదికి పది పాస్. మూడో పీట గంగామణక్కది, పదిలో నాలుగు ఫెయిల్. పట్టిక ప్రింటు తీసి గోడకు అంటించాను. నా వరస మొత్తం వరి మడిలా పచ్చగా ఉంది.

ఆమె తన నాలుగు బోర్డులూ తీసుకుపోయి మూల పడేసిన పాత బల్బుకు కలిపి చూసింది. నాలుగూ వెలిగాయి.

"బల్బు ఎలుగుతున్నది తమ్మీ."

"బల్బు పాతకాలపుది అక్కా. మిషన్ అబద్ధం చెప్పది."

మిషన్ నిజంగానే అబద్ధం చెప్పలేదు. మూడో కన్నంలో ఉన్న తోక ఏం చెబితే అదే చెప్పింది. ఆ తోక రెండో చివర ఏ పీటకు ఉందో చూడాల్సిన పని మనిషిది. ఆ మనిషి అప్పుడు తన పట్టికకు దూరం నుంచి ఒక ఫోటో, దగ్గర నుంచి ఒక ఫోటో తీసుకుంటున్నాడు.

తర్వాత ఆమెకు సోల్డరింగ్ నేర్పడం మొదలుపెట్టాను. అవును, సరిగ్గానే చదివారు. ఆమెకు నేను. ఆమె ప్రతి అతుకు దగ్గరా ఐరన్‌ను మనసులో మూడు లెక్కపెట్టే దాకా ఉంచుతుంది. టంకం కరిగి, పారి, మెరిశాక తీస్తుంది. అది దండగ అన్నాను. బొట్టు పెట్టినట్టు టక్కున పెట్టి తీసేయాలి, నా తీరు చూసి చేయి అన్నాను. ఆమె నా బోర్డును చేతిలోకి తీసుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, గోడ మీద పట్టిక చూసి తిరిగి నా చేతిలో పెట్టింది. రెండు రోజులు నా తీరుగానే చేసింది.

ఆ రెండు రోజులూ నా వరసలో ఎర్ర గళ్లు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, పదిలో ఐదు. కొత్త టంకం చుట్ట మంచిది కాదన్నాను. షెడ్డులో కరెంటు సరిగా రావడం లేదన్నాను. చివరికి పక్కవాళ్లు మాట్లాడుకుంటుంటే నా ఏకాగ్రత పోతోందన్నాను, పాపం వాళ్లు మాట్లాడటం మానేశారు. ఆడలేక మద్దెల ఓడన్నవాడు నయం, వాడు కనీసం తన మద్దెలనే తిట్టాడు. మూడో రోజు గంగామణక్క మళ్లీ తన పాత తీరుకు వచ్చింది. నా వరస మళ్లీ పచ్చబడింది. నా చేయి కుదురుకుందని అందరికీ చెప్పాను. ఆమె ఆ మాట విని పట్టిక దగ్గరికి వెళ్లి రెండు వరసలూ చూసింది. ఆ రోజు నుంచి నన్ను తమ్మీ అనడం మానేసి సార్ అనడం మొదలుపెట్టింది. గౌరవం పెరిగిందనుకున్నాను, ఏం చెప్పమంటారు.

ఆర్డరులో సగం, ముప్పై స్టార్టర్లు, బోధన్ పోయాయి. గంగామణక్క ఫెయిళ్లు ఆగలేదు. నాకేమో తొందర ఎక్కువై ఇంకా టక్కుటక్కున లాగిస్తున్నాను, ఆమె పేరు మీద ఎర్ర గళ్లు ఇంకా పెరిగాయి. సేటుకు దిగులు పట్టుకుంది. ఆమెను ఏమీ అనలేడు, పట్టికను కాదనలేడు. అప్పుడు నాకొక గొప్ప ఊహ వచ్చింది. నలభై దాటాయి, చూపు మందగించి ఉంటుంది, అందుకే అతుకులు తప్పుతున్నాయి అన్నాను. ఎవరూ అడగకుండానే నేనే ఆమెను కంఠేశ్వర్‌లో ఒక కళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. డాక్టరు అరగంట పరీక్ష చేసి, ఈమె చూపుకేమీ లోటు లేదు, సూదిలో దారం ఎక్కించగలదు అన్నాడు. తర్వాత గోడ మీది అక్షరాల పట్టీ చదువుతున్న నన్ను చూసి, మీరెందుకు కళ్లు చికిలిస్తున్నారు, ఒకసారి కూర్చోండి అన్నాడు. కళ్లజోడు రాసి ఇచ్చాడు. గంగామణక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు మిషన్లో ఏదో తేడా ఉందని నేను దారంతా గొణిగాను. అందరి మిషన్లూ అనుమానించాను, నా మిషన్ తప్ప. తన కంపు తనకింపు అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ శుక్రవారం సేటు ఆమెను పిలిచి, సోమవారం నుంచి సోల్డరింగ్‌కు వేరే మనిషిని చూసుకుంటానని, కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉండమని నేల చూస్తూ చెప్పాడు. ఆమె ఏడవలేదు, గొడవ పెట్టుకోలేదు. "నా చేతిల తప్పు లేదు సేట్" అని ఒక్క మాట అని పీట దగ్గరికి వెళ్లి, ఆగిన బోర్డు పూర్తి చేసింది. మూడు లెక్కపెట్టే అతుకులతోనే పూర్తి చేసింది. ఇప్పటికీ ఆ సాయంత్రం గుర్తొస్తే నాకు తల ఎత్తబుద్ధి కాదు. అప్పుడు మాత్రం, నాణ్యత కావాలంటే కఠినంగా ఉండాలి మరి, అని పక్కవాళ్లకు ఉపదేశం చేశాను.

శనివారం మధ్యాహ్నం అన్నాల వేళకు సుబ్బారావు గారు జీపులో దిగారు. చేతిలో ఒక అట్టపెట్టె, అందులో ఆరు స్టార్టర్లు. మనిషి మర్యాదస్తుడు, అరవడు. ఆ మర్యాదే ఎక్కువ భయం పుట్టిస్తుంది.

"మావాళ్లు ఇంట్లోంచి ఫోన్ చేస్తే పొలంలో మోటారు పలకట్లేదండీ. మళ్లీ బండేసుకెళ్లి చేత్తో ఆన్ చేసుకుంటున్నారు. ఆ మాత్రం దానికి మీ డబ్బా ఎందుకు, చెప్పండి?"

సేటు ముఖం పాలిపోయింది. మూడో నంబరువి అయి ఉంటాయని నేను ముందుకు వెళ్లాను. సుబ్బారావు గారు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టారు.

"ఆరింటి మీదా ఐదో నంబరే ఉందండీ, పేరు పొలం తడికి అలుక్కుపోయింది. ఎవరీ ఐదో నంబరు?"

షెడ్డులో అందరూ నన్ను చూశారు. నేను ఒక డబ్బా తీసుకుని తిప్పి చూశాను.

"అవన్నీ ఇక్కడ పాసైనవేనండి. దారిలో కుదుపులకు దెబ్బతిని ఉంటాయి."

"ముప్పై డబ్బాలు ఒకే జీపులో వెళ్లాయి బాబూ. గుంట ఐదో నంబరును చూసి మరీ కుదిపిందా?"

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడ గడ్డి కోసమన్న వాడి సంతతి నేను. పొలాల్లో తేమ గురించి, ఫోన్ టవర్ల గురించి మొదలుపెట్టాను. అప్పుడు గోడ వారన సద్ది గిన్నె విప్పుకుని కూర్చున్న గంగామణక్క లేచింది.

"సేట్, సోమారం సంది నేను రాను గద. పోయే ముంగట ఒక్కపారి మిషన్ నడిపి సూడనియ్యుండ్రి."

సేటు తలూపాడు. ఆమె ఎర్ర డబ్బాలోంచి, అంటే ఫెయిలైన బోర్డులు పడేసే డబ్బాలోంచి, తన బోర్డు ఒకటి తీసి నా ఐదో పీట మీద పెట్టి మూత వేసింది. తర్వాత తన మూడో పీట దగ్గరికి వచ్చింది. చేతిలో సద్ది గిన్నె అలాగే ఉంది. అందులోంచి ఒక జొన్నరొట్టె తీసి, నాలుగు మడతలు పెట్టి, పీట మీద ఉంచి మూత నొక్కింది. పిన్నులు రొట్టెలో దిగాయి.

"ఇగ నడుపు సార్."

"అక్కా, గది రొట్టె."

"ఎర్కే. నేనే జేసిన."

"ఫెయిల్ అయితది."

"కానియ్యి. నాకు అలవాటైంది."

మీట నొక్కాను. ముందు ఐదో గడి ఎర్రబడింది. నా ఆనందం చూడాలి మీరు. చూశారా సేట్, ఆమె బోర్డు నా పీట మీద కూడా ఫెయిలే అన్నాను. అందరూ తెర మీద ఇంకెక్కడో చూస్తున్నారు. నేనూ అటు చూశాను. మూడో గడి పచ్చగా వెలుగుతోంది. వోల్టేజీ బాగుంది, రిలే బాగుంది, సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, పక్కన ప్రింటర్ గుర్రుమని స్టిక్కర్ కక్కింది. పీట మూడు, గంగామణి, పాస్. ఆ రోజు ఆమెకు వచ్చిన మొదటి పాస్ అది. వచ్చింది జొన్నరొట్టెకు.

సుబ్బారావు గారు కళ్లజోడు సర్దుకుని స్టిక్కర్ రెండుసార్లు చదివారు.

"మాకూ డబ్బాల్లో ఇవే పెట్టి పంపాల్సిందండీ. మోటారు తిరక్కపోయినా తినేవాళ్లం."

రొట్టెలో ఉప్పు ఉంటుంది, తడి ఉంటుంది, అందువల్ల కరెంటు పారి ఉండవచ్చు. ఈ మాట ఎవరన్నారో చెప్పాలా? ఏడుగురు ఆడవాళ్ల ముందు, ఒక పెద్దమనిషి ముందు, జీతమిచ్చే సేటు ముందు ఆ మాట అన్నాను. జొన్నపిండికి ఫోన్ సిగ్నల్ ఎలా వచ్చిందని సేటు అడిగితే మాత్రం ప్రింటర్ మూత తీసి లోపలికి చూశాను.

జవాబు గంగామణక్క దగ్గర ఉంది. ఆమె తోకలూ కన్నాలూ ఏమీ మాట్లాడలేదు. వేళ్ల మీద లెక్కపెట్టినట్టు చెప్పింది.

"నేను ఈ సార్ తీరు జేసిన రెండు దినాలు, సార్ బోర్డులు ఫెయిల్ అయినయి. నేను మళ్ల నా తీరు జేస్తే, సార్ బోర్డులు పాస్ అయినయి. నా చెయ్యి మారితె ఆయన మార్కులు ఎందుకు మారాలె సేట్? నా బస్తా ఆయన పేర్న కాంట ఎక్కుతున్నది."

ఇంత సంగతి నాలుగేళ్ల ఇంజనీరింగ్‌లో ఎక్కడా చెప్పలేదు. చెప్పినా ఆ రోజు నేను ఫోటోలు దిగుతూ ఉండి ఉంటాను.

సేటు హబ్ దగ్గరికి వెళ్లి, మూడో కన్నంలోని తోకను పట్టుకుని చేత్తో తడుముతూ వెనక్కి నడిచాడు. బల్ల కింద నుంచి, గోడ వారగా, పాత మెకానిక్ కదా, వైరును వేళ్లతోనే చదువుతాడు. నడిచి నడిచి నా పీట దగ్గర ఆగాడు. మళ్లీ హబ్ దగ్గరికొచ్చి తోక చివర ఎండిన కుంకుమను గోటితో గీకాడు. కింద నా చేతిరాతలో ఐదు అంకె ఉంది. ఎంత చక్కగా రాశానో. రెండో తోక చూడాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

అంటే ఏమైందో మీకు విప్పి చెప్పి నా పరువు ఇంకొంచెం తీసుకుంటాను. మూడు వారాలుగా నేను కొట్టిన డప్పు ఆమె పనితనానిది. నేను ఆమెను తిట్టిన తిట్లు నా పనితనానికి. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే కనీసం దానమైనా చేశాడు, నేను గోడకు అంటించుకున్నాను. ఆమె మంచి బోర్డులు ఎర్ర డబ్బాలో పడ్డాయి. నా పుచ్చు బోర్డులు స్టిక్కర్ వేసుకుని దర్జాగా బోధన్ జీపు ఎక్కాయి.

తోకలు సరిచేసి, ఉన్న బోర్డులన్నీ మళ్లీ పరీక్ష పెట్టారు. ఎర్ర డబ్బాలోంచి గంగామణక్కవి ఒక్కొక్కటే తీసి పెడుతుంటే తెర పచ్చగా వెలుగుతూ పోయింది. నా తీరుగా చేసిన రెండు రోజులవి తప్ప ఒక్కటీ పోలేదు. నా పీటవి మొదలయ్యేసరికి ఎరుపే ఎక్కువగా కనబడింది. సుబ్బారావు గారు ఒక స్టూలు లాక్కుని కూర్చుని, సినిమా చూసినంత శ్రద్ధగా మొత్తం చూశారు. మిగిలిన స్టార్టర్లన్నీ గంగామణి గారి చేతివే కావాలి, వారం ఆలస్యమైనా సరేనని చెప్పి వెళ్లారు. వెళ్తూ నా భుజం తట్టారు. తిట్టి ఉంటే బాగుండేది.

గంగామణక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. మూడు వారాల్లో ఆమె కళ్లు తడవడం నేను చూడటం అదే మొదలు, అదీ తప్పు తనది కాదని తేలాక. నేను దగ్గరికి వెళ్లి క్షమించమన్నాను. ఆమె సద్ది గిన్నె మూత పెట్టుకుంది.

సేటు నా ఎదురుగా నిలబడే ఆమెను అడిగాడు.

"గంగామణీ, నిన్ను రావద్దన్న నోరు ఇది. రమ్మని అనేటందుకు మొకం లేదు. సోమారం నువ్వు రావాలె. ఇగ ఈ పోరన్ని ఏం జేద్దామో నువ్వే చెప్పు. తీసేయమంటె ఇప్పుడే తీసేస్త."

కాలేజీ ఐడీ కార్డు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. అది తప్ప నాకు ఇంకో గుర్తింపు లేదని ఆ క్షణంలో తెలిసింది. ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది, నా బోర్డును చూసినట్టే, అటు తిప్పి ఇటు తిప్పి.

"తీయకు సేట్. తీస్తె ఇంకోకాడికి పోయి ఇంకొకామెను ఫెయిల్ జేస్తడు. ఈడనే ఉండనియ్యి, మన కండ్ల ముంగట ఉంటడు."

ఆ దయతో నా ఉద్యోగం నిలబడింది. ఇది పొగడ్త కాదని నాకు తెలుసు. ఊళ్లో పొడిచే ఎద్దును కూడా ఇలాగే కట్టేసి ఉంచుతారు.

సోమవారం నుంచి కొత్త పద్ధతి. తోకల మీద కాగితాలు తీసేసి, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టి, పీటకూ కన్నానికీ అదే రంగు పూశారు. అది గంగామణక్క ఏర్పాటు. రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు ఎనిమిది పీటలూ ఖాళీగా ఉంచి మిషన్ నడపాలి, ఎనిమిదీ ఫెయిల్ అని చూపించాలి. తర్వాత ఒక్కో పీట మీద ఒక్క మంచి బోర్డు పెట్టి, ఆ పీట ఒక్కటే పాస్ అవుతోందా అని చూడాలి. అదీ ఆమె ఏర్పాటే. దాన్ని నడిపే మనిషిని నేను. ఎనిమిదిసార్లు ఫెయిల్ అని గట్టిగా చదువుతుంటే, ఆమె టీ తాగుతూ ఒకటో తరగతి పంతులమ్మలా వింటుంది.

కాబట్టి, ఈ బోధన్ రోడ్డు రేకుల షెడ్డు సాక్షిగా, ఎనిమిది పీటల సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఒకే తీరుగా కనబడేవి రెండు ఎదురైతే, పేర్లు పెట్టనిదే వాటి మీద చేయి వేయను. ఎవరి పనినైనా ఫెయిల్ అనే ముందు, నేను చూస్తున్నది వాళ్ల పనో నా పనో వైరు పట్టుకుని చివరిదాకా నడిచి చూసుకుంటాను. ఇక అన్నిటికన్నా ముఖ్యం, నా కంటే బాగా పనొచ్చిన వాళ్లకు ఆ పని నేర్పబోను. ఈ ప్రమాణాన్ని ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదు. నా నిగ్రహం అంత గొప్పదని కాదు. సోల్డరింగ్ ఐరన్లున్న బీరువా తాళంచెవి గంగామణక్క మెడలో ఉంది.